కార్తీకంలో నేను మానేసిన మాత్రలు

ఆ రోజు పొద్దున్న ఏడు గంటలకి నా పెసరట్టు గుండ్రంగా రాలేదు. యానాం రేవు దగ్గర పద్నాలుగేళ్ళుగా టిఫిన్ హోటల్ నడుపుతున్నదాన్ని, కళ్ళకి గంతలు కట్టినా గుండ్రంగా పోస్తాను. అలాంటిది గరిటె పట్టిన చెయ్యి సన్నగా వణికి, పిండి ఒక పక్కకి తోకలా సాగిపోయింది. ఏటి అవతల నుంచి మొదటి పడవ దిగినవాళ్ళు అప్పటికే బల్లల మీద కూర్చున్నారు. రోజూ వచ్చే కొబ్బరి వ్యాపారి ఒకాయన తన విస్తరాకులోకి చూసుకుని, "ఏవండీ మంగతాయారుగారూ, ఇది పెసరట్టాండీ, కోనసీమ మ్యాపాండీ?" అన్నాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. కానీ గుండె దడదడలాడుతోంది. పుష్యమాసం చలిలో నా వీపు చెమటతో తడిసిపోయి ఉంది.

హోటల్ అంటే పెద్దదేం కాదు. తాటాకు పాక, ముందు రేకుల చూరు, నాలుగు బల్లలు. తెల్లవారుజామున నాలుగింటికి ఇడ్లీ పాత్ర ఎక్కిస్తే మధ్యాహ్నం రెండింటిదాకా పొయ్యి ఆరదు. సాయంత్రం మళ్ళీ పునుగులు, బజ్జీలు. మా ఆయన టీ కాస్తారు, బల్లల దగ్గర అందిస్తారు. ఇంటికొచ్చి పప్పు నానబెట్టి, పిల్లలిద్దరికీ అన్నం పెట్టి, రుబ్బురోలు ముందు కూర్చునేసరికి రోజు అయిపోయేది. ఇక దేవుడికి నేనిచ్చే సమయం ఎంతంటే, కుడిచేత్తో అట్టు తిరగేస్తూ ఎడమచేత్తో గోడమీది వెంకటేశ్వరస్వామి పటానికి అగరొత్తి చూపించేంత.

నా జబ్బు సంగతి చెప్పాలంటే ముందు నా కుళ్ళు సంగతి చెప్పాలి. అది దాచిపెట్టి రాస్తే ఈ అనుభవం ఎవరికీ పనికిరాదు.

యానాంలోనే కనకాలపేటలో మాది ఒకే ఇల్లు, రెండు వాటాలు. ఒక వాటాలో మేము. రెండో దాంట్లో మా మరిది, అతని భార్య శేషారత్నం, వాళ్ళమ్మాయి, మా అత్తగారు. మా మరిది గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా, పదింటికి వెళ్ళి అయిదింటికి వచ్చేస్తాడు. అతను ఆఫీసుకీ, పిల్ల బడికీ వెళ్ళాక శేషారత్నం తలస్నానం చేసి, పూజగదిలో పీట వేసుకుని కూర్చుంటుంది. గంటసేపు. కళ్ళు మూసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని. ఈగ ముక్కుమీద వాలినా కదలదు. ఈగ సంగతి కల్పించి చెప్పడం లేదు, ఓసారి పిండి కోసం హోటల్ నుంచి ఇంటికొచ్చినప్పుడు కిటికీలోంచి నేను కళ్ళారా చూశాను. లేచి బయటికొచ్చాక ఆ మొహం నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. పాలు పొంగిపోయినా "పోన్లే అక్కా" అంటుంది.

మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. "మా చిన్నకోడలు కూర్చుందంటే ఆ దేవుడే దిగొచ్చి లేపాలమ్మా. పెద్దదానికి కాళ్ళల్లో చక్రాలున్నాయి, ఓ చోట నిలవదు."

ఆ చక్రాలు తిరగబట్టే రెండు వాటాలకీ పెంకులు మారాయని నేను మనసులో అనుకునేదాన్ని. పైకి అనలేదు. నగ మీద కుళ్ళయితే అలాంటిదే చేయించుకోవచ్చు, చీర మీద అయితే కొనుక్కోవచ్చు. ఆ కుదురు ఎక్కడ దొరుకుతుందో తెలియక నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక అమావాస్యనాడు హోటల్ మూసి, పీట వేసుకుని నేనూ కూర్చున్నాను. రెండు నిమిషాలు కాలేదు, కాలు దానంతటది ఊగడం మొదలెట్టింది. పప్పు నానిందో లేదో అని లేచి వెళ్ళాను. నానే ఉంది.

పెసరట్టు తోక సాగిన రోజు నుంచి రెండు నెలల్లో నేను సగమయ్యాను. తిండి మాత్రం ఇద్దరి తిండి తినేదాన్ని. జాకెట్లన్నీ వదులైపోయాయి. నిద్ర లేదు. ఫ్యాను కింద కూడా ఉక్క. కాలుకాలిన పిల్లిలా ఇంట్లోనూ హోటల్లోనూ తిరుగుతూ, అయినదానికీ కానిదానికీ మా ఆయన మీద విరుచుకుపడేదాన్ని. హోటల్‌కి వచ్చేవాళ్ళు "సన్నబడ్డారండీ, బాగున్నారు" అంటే సంతోషించాను కూడా.

శేషారత్నం మాత్రం ఒకరోజు గుమ్మంలో నిలబెట్టి నా మొహంలోకి చూసింది. "అక్కా, నీ కళ్ళేంటో పెద్దవైనట్టున్నాయి. ఓసారి డాక్టరుకి చూపించుకోరాదా?"

"అంటే ఇన్నాళ్ళూ నావి చీపికళ్ళనా?" అన్నాను.

తను లోపలికి వెళ్ళిపోయింది. నాకు మాత్రం లోపల ఒకటే అనుమానం ఉండేది. దేవుడికి సరిగ్గా దణ్ణం పెట్టని పాపానికి ఆయన నాకు శాంతి లేకుండా చేస్తున్నాడని, శేషారత్నానికి ఇచ్చిందంతా నా వాటాలోంచి తీసి ఇచ్చాడని.

చివరికి మా ఆయనే బలవంతాన ఊళ్ళో డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన నా చేతులు రెండూ ముందుకి చాపించి, వేళ్ళమీద ఒక తెల్లకాగితం పెట్టారు. కాగితం రెపరెపలాడింది. మంచినీళ్ళు తాగించి, మింగుతుంటే మెడ వైపు చూశారు. "థైరాయిడ్ వాపుందమ్మా. ఆలస్యం చెయ్యకండి, కాకినాడ వెళ్ళి ఫిజీషియన్‌కి చూపించుకోండి" అన్నారు.

కాకినాడలో టి-త్రీ, టి-ఫోర్ అని రక్తపరీక్షలు రాశారు. రక్తం తీసి మద్రాసు పంపించారు. రిపోర్టు రావడానికి పదిరోజులు పట్టింది. ఆ పదిరోజులూ మెడలో వాపంటే క్యాన్సరేమోనని పిల్లల మొహాలు చూసుకుంటూ గడిపాను. రిపోర్టు చూసి డాక్టరుగారు చెప్పిన మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి.

"దీన్ని థైరోటాక్సికోసిస్ అంటారమ్మా. మీ మెడలో ఉన్న గ్లాండ్ మితిమీరి పనిచేస్తోంది. అందుకే ఆ వణుకూ దడా. ఓ చోట కూర్చోలేకపోవడం మీ తప్పు కాదు, జబ్బు లక్షణం."

అక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఆయన భయంతో ఏడుస్తున్నాననుకున్నారు. ఇంటికి రాగానే మా అత్తగారి దగ్గరికి వెళ్ళి, "కాళ్ళల్లో చక్రాలు కాదట అత్తయ్యా, మెడలో గ్లాండట" అని చెప్పాను. పూజగదిలోకి వినబడేట్టు చెప్పాను.

కార్బిమజోల్ మాత్రలు రోజుకి మూడుపూటలా, గుండెదడకి ప్రొప్రనలోల్. భోజనం తర్వాత వేసుకోమన్నారు. "బాగున్నట్టు అనిపించినా నేను చెప్పేదాకా మానకూడదు. ఏడాదిన్నర పడుతుంది" అన్నారు డాక్టరుగారు. మూడు నెలలకి ఒళ్ళు మళ్ళీ వచ్చింది. చెయ్యి నిలిచింది. పెసరట్టు గుండ్రంగా వచ్చింది. ఏడో నెలకి నా అంత ఆరోగ్యవంతురాలు యానాంలో లేదనుకున్నాను. అప్పుడు కార్తీకమాసం వచ్చింది.

శేషారత్నం ఏటా కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటుంది. పగలంతా ఏమీ తినదు, చుక్క చూశాకే భోజనం. ఆమె సోమవారాలే కదా, నేను నెలంతా ఉంటానన్నాను. తెల్లవారుజామున రేవులో స్నానం, అరటిదొప్పలో దీపం, పగలు పచ్చిగంగ కూడా ముట్టకుండా పొయ్యి దగ్గర పని, చుక్క పొడిచాక అన్నం. ఎదురుగా ఇడ్లీలు ఉడుకుతుంటే ఉపవాసం ఉన్నవాళ్ళకే తెలుస్తుంది అది ఎంత కష్టమో.

మరి మాత్రల సంగతి? భోజనం తర్వాత అని రాశారు. భోజనమే లేనప్పుడు తర్వాత ఎక్కడిది? మింగాలంటే నీళ్ళు తాగాలి, తాగితే వ్రతభంగం. రాత్రి అన్నం తిన్నాకైనా ఒకటి వేసుకోవచ్చు కదా అని మీరంటారు. నేనూ అనుకున్నాను. కానీ నా లెక్క వేరు. నేను వ్రతం పట్టింది కుదురు కోసం. మాత్ర వేసుకుంటే వచ్చే కుదురు మాత్రది. ఏ మాత్రా లేకుండా దేవుడు శేషారత్నానికి ఇచ్చినట్టే నాకూ ఇవ్వాలి. మాత్రల సీసా తీసుకెళ్ళి అటక మీద పెట్టేశాను. మా ఆయనకి చెప్పలేదు.

మొదటివారం బాగానే గడిచింది. "ఈ ఏడు పెద్దకోడలు నెలంతా చేస్తోంది" అని మా అత్తగారు పక్కింటావిడతో అనడం విన్నాను. ఆ మాటతో కడుపు నిండిపోయింది. రెండోవారం దడ మొదలైంది. వ్రతం అంటే ఆమాత్రం నీరసం ఉంటుందిలే అనుకున్నాను.

అప్పుడే పెరట్లో బట్టలు ఆరేస్తుంటే శేషారత్నం వచ్చి మెల్లగా అడిగింది. "అక్కా, మందులేసుకుంటున్నావా? ఉపవాసమైనా మందుకి దోషం లేదంటారు."

నా వ్రతం చూసి ఓర్వలేకపోతోందనుకున్నాను. మధ్యలో మానిపించాలని చూస్తోందనుకున్నాను. "వేసుకుంటున్నాను. నీ సోమవారాలు నువ్వు చూసుకో" అన్నాను.

మూడో సోమవారం. ఇంకా తెలవారలేదు. రేవు మెట్ల మీద ఆడవాళ్ళందరూ దీపాలు వదులుతున్నారు. దొప్ప పట్టుకుని మోకాలిలోతు నీళ్ళలోకి దిగాను. గుండె వలలో పడ్డ చేపలా ఇష్టం వచ్చినట్టు ఎగిరింది. దీపం చేతిలోంచి జారడం తెలిసింది, నీళ్ళు చల్లగా మొహానికి తగలడం తెలిసింది. ఆ తర్వాత నా జుట్టు పట్టుకుని ఎవరో పైకి లాగుతున్నారు. శేషారత్నం. మెట్టుమీద కూర్చుని, తడిచీరతోనే నా తల ఒళ్ళో పెట్టుకుంది.

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. శేషారత్నం నవ్వలేదు. నవ్వి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. నా మొహం తుడుస్తూ గట్టిగా ఏడ్చింది.

కారు మాట్లాడి కాకినాడ తీసుకెళ్ళారు. ఇ.సి.జి. తీశారు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అన్నారు. నిమిషానికి నూట అరవై దాటి, లయ లేకుండా కొట్టుకుంటోందట. జ్వరం కూడా ఉంది. ఆక్సిజన్ పెట్టారు, సెలైన్ ఎక్కించారు. డాక్టరుగారు వచ్చి మంచం పక్కన నిలబడ్డారు.

"మాత్రలు ఎప్పుడు మానేశారు?"

మా ఆయన, "మానలేదండీ, ఏసుకుంటోందండీ" అన్నారు. నేను ఆయన వైపు చూడలేకపోయాను. కార్తీకం మొదలైనప్పటి నుంచీ లేవని చెప్పాను.

"ఎవరు మానమన్నారు?"

శేషారత్నం పేరు చెప్పలేను కదా. "దేవుడి కోసమండి" అన్నాను.

"దేవుడికి మీ మాత్రలతో ఏం పనమ్మా?" అన్నారాయన. కోపంగా అనలేదు, నిజంగానే తెలియక అడిగినట్టు అడిగారు. "ఈ గుండె ఇలాగే పరిగెడితే ఫెయిల్యూర్‌లోకి వెళ్ళిపోతుంది. పిల్లలున్నారు కదా మీకు?"

పన్నెండు రోజులు ఆ వార్డులో ఉన్నాను. కదలకుండా పడుకోవడమే నా పని. ఇన్నేళ్ళూ నాకు లేదని ఏడ్చిన తీరిక మొత్తం ఒక్కసారి దొరికింది. ఏం లాభం, ఒక్క క్షణం మనశ్శాంతి లేదు. ఎందుకంటే హోటల్ శేషారత్నం నడుపుతోంది.

"నీకేం కంగారొద్దు తాయారూ" అన్నారు మా ఆయన, బత్తాయి ఒలుస్తూ. "మరదలు పొద్దున్నే వచ్చేస్తోంది. పిండి ఓ గరిటె కూడా మిగలట్లేదు."

పిండి మిగిలితే బాగుండునని పడుకుని కోరుకున్నాను. మా హోటలే, మా పిండే. అయినా సరే మిగలాలని కోరుకున్నాను. పూజలో కూర్చోవడం ఆమెకే వచ్చు, ఇప్పుడు పెనం ముందు నిలబడడం కూడా ఆమెకే వచ్చింది. ఇంక నాకంటూ మిగిలిందేమిటని అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. శేషారత్నం రోజు విడిచి రోజు మధ్యాహ్నం బస్సులో వచ్చి నాకు జావ పట్టి వెళ్ళేది. ఆమె చేతుల మీద నూనె చుక్కలు పడి కాలిన మచ్చలుండేవి. అవి చూసి కూడా నా మనసు కరగలేదు, ఇది నిజం.

ఆ వార్డులో పెద్ద వయసు సిస్టర్ ఒకావిడ ఉండేది. మెళ్ళో చిన్న సిలువ. ఒకరోజు నా చార్టు చూసి నవ్వింది. "ఏంటమ్మా, మీ తోడికోడలు వచ్చెళ్ళిన ప్రతిసారీ మీ పల్స్ ఇరవై పెరుగుతోంది. ఆవిణ్ణి రావద్దని చెప్పమంటారా?"

"వద్దండి. రాకపోతే ఇంకా పెరుగుద్ది" అన్నాను.

డిశ్చార్జికి మూడురోజుల ముందు డాక్టరుగారు ఒక పని అప్పజెప్పారు. పొద్దున్న కళ్ళు తెరిచాక మంచం దిగకుండా, మాట్లాడకుండా, మణికట్టు మీద వేళ్ళు పెట్టుకుని వాచీ చూస్తూ ఒక నిమిషం నిండా పల్స్ లెక్కపెట్టాలి. పుస్తకంలో రాయాలి. ప్రతి నెలా ఆయనకి చూపించాలి. ఇదెంత పని అనుకున్నాను. మొదటిరోజు ముప్ఫై దగ్గర తప్పిపోయాను, ఈపాటికి శేషారత్నం చట్నీలో ఉప్పు ఎంత వేసుంటుందో అని ఆలోచన వచ్చి. మళ్ళీ మొదలెట్టాను. యాభై దగ్గర తప్పింది. ఒక్క నిమిషం. నా మనసు నా దగ్గర ఒక్క నిమిషం ఉండదని ఆ రోజు తెలిసింది.

సిస్టర్ వచ్చి మంచం మీద కూర్చుని, నా వేళ్ళు సరిగ్గా పెట్టింది. "గట్టిగా నొక్కకండి. దాన్ని కొట్టించేది మీరు కాదు కదా. మీరు నిద్రపోయినప్పుడు కూడా కొట్టుకుంది. మీరు వినండి, చాలు."

విన్నాను. ఒకటి, రెండు, మూడు. నా పెనం నేను వేడి చెయ్యాలి, నా పిండి నేను రుబ్బాలి, నా పిల్లల జడలు నేను వెయ్యాలి. ఇది మాత్రం నేను పుట్టినప్పటి నుంచీ ఎవరో చేసిపెడుతున్నారు. ఏటి నీళ్ళలో పడి తెలివి తప్పినప్పుడు కూడా చేసిపెట్టారు. దేవుడు అంత దగ్గర పనిచేస్తుంటే నేను ఆయన్ని పక్కవాటా పూజగదిలో వెతుక్కున్నాను. నూట నాలుగు అని రాశాను. రాస్తుంటే ఏడుపొచ్చింది, కానీ అది అంతకుముందు ఏడ్చినలాంటి ఏడుపు కాదు.

ఇంటికొచ్చాక అంతా సర్దుకుందని రాస్తే అబద్ధం. నాలుగోరోజు పొద్దున్న వేళ్ళు మణికట్టు మీద పెట్టుకునేసరికి గోడ అవతల, హోటల్‌కి వెళ్ళేముందు పూజ ముగిస్తున్న శేషారత్నం గంట మోగింది. వెంటనే నూట పద్దెనిమిది. అప్పుడు మొదటిసారి దేవుడితో నిజం మాట్లాడాను. "స్వామీ, నాకు శేషారత్నమంటే కుళ్ళు. నన్ను నీళ్ళలోంచి లాగింది, నా పిల్లలకి అన్నం పెట్టింది. అయినా కుళ్ళే. నాకు పోగొట్టుకోవడం రావట్లేదు, నువ్వే చూడు" అన్నాను. అప్పటిదాకా ఆయన్ని అడగడమే కానీ ఆయనకి ఏదీ చెప్పుకోలేదు. ఆ తర్వాత కాసేపు ఏ మాటా రాలేదు, రావాలనీ అనిపించలేదు. ఎంతసేపు అలా ఉన్నానో వాచీ చూడలేదు. మళ్ళీ లెక్కపెడితే తొంభై ఆరు. మాత్ర పనిచేసిందో, మాట పనిచేసిందో నాకు తెలియదు. రెండూ మానలేదు.

మధ్యలో ఒకసారి రిపోర్టు మళ్ళీ పెరిగి డోసు పెంచారు. ఏడాదిన్నర అన్నది రెండేళ్ళు దాటింది. ఇప్పుడు మాత్రలు ఆపి పది నెలలైంది, డాక్టరుగారు చెప్పాకే ఆపాను. ఆర్నెల్లకోసారి రక్తపరీక్ష. రుబ్బురోలు పోయి కరెంటు గ్రైండర్ వచ్చింది. హోటల్ అరగంట ఆలస్యంగా తెరుస్తాను. శేషారత్నం పని వదిలిపెట్టలేదు, తనకీ ఇష్టమై పొద్దున్న పదింటిదాకా నాతోనే ఉంటోంది.

మొన్న ఇడ్లీ రేకులు తీస్తూ అంది. "అక్కా, పొద్దున్నే ఆ వాచీ పట్టుకుని అంత ప్రశాంతంగా ఎలా కూర్చుంటావు? కిటికీలోంచి రోజూ చూస్తున్నాను. నాకీమధ్య కుదరట్లేదే. కళ్ళు మూసుకుంటే చాలు, పెసరట్లే కనపడుతున్నాయి."

నా కిటికీలోంచి ఆమె చూస్తోందన్న మాట విని నాకు కలిగిన సంతోషం ఎంతదో ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. ఆ మర్నాడు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. వేళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించాను. గట్టిగా నొక్కకు, ఊరికే విను అన్నాను. మొదటిసారే తప్పకుండా లెక్కపెట్టింది. అరవై ఎనిమిది. నాది ఎనభై రెండు. అదీ స్వామికి చెప్పుకున్నాను.

నాలాంటి జబ్బున్నవాళ్ళకి ఒక్కటే చెబుతాను. వ్రతమైనా, ఉపవాసమైనా, డాక్టరుని అడగకుండా మాత్ర మానకండి. గుక్కెడు నీళ్ళతో మింగితే దేవుడు కోప్పడడు. "మందు వేసుకున్నావా?" అని ఎవరైనా అడిగితే నిజం చెప్పండి, అడిగింది తోడికోడలైనా సరే.